పిల్లకాపుల దురాయి

పద్మనాభయ్యకు సముద్రమంటే భయం. ఈ సంగతి ఆయన నోరు తెరిచి ఎవరికీ చెప్పుకోలేదు గానీ, పాళెంలో పసిపిల్లలకు కూడా తెలుసు. సంగం దగ్గర వరి పండించుకునే ఇంట్లో పుట్టి, కాలవ నీళ్ళు తప్ప వేరే నీళ్ళు ఎరగని మనిషిని తీసుకొచ్చి 1959లో ఈ పట్టపుపాళెం బడికి అయ్యవారుగా వేశారు. ఇటు బకింగ్‌హాం కాలువ, అటు సముద్రం, నడుమ ఇసుక, ఆ ఇసుకలో తాటాకు ఇళ్ళు. అల విరిగినప్పుడల్లా గోడ కూలిందనుకుని ఉలిక్కిపడి లేచి కూర్చునేవాడు. తెల్లారి ఎర్రబడ్డ ఆయన కళ్ళు చూసి ఆడవాళ్ళు, "అయ్యోరికి సముద్రం పాఠం చెప్పినట్టుండాది" అని ముసిముసిగా నవ్వుకునేవాళ్ళు.

దానికన్నా పెద్ద భయం ఇంకొకటి ఉండేది. బడి ఎత్తేస్తారేమోనని. అంతకుముందు వచ్చిన అయ్యవార్లు ఇసుకలో కాళ్ళు కాలగానే బదిలీ చేయించుకుని పోయారు. "పిల్లలు రాని బడి మనకెందుకయ్యా? ఏడాది చూస్తాను. అప్పటికీ పలకలు కనిపించకపోతే ఇంకో ఊరికి మార్చేస్తాను" అని డిప్యూటీ ఇన్‌స్పెక్టరు గారు ముఖం మీదే చెప్పి పంపారు. బడి మారితే పద్మనాభయ్యకు పోయేదేమీ లేదు. దాంతోపాటే ఆయనా మారతాడు, హాయిగా నిద్రపోతాడు. కానీ ఆయన లోపల ఒక మొండిపట్టు ఉంది. చిన్నప్పుడు సొంత ఊరి అయ్యవారు లెక్క తప్పినందుకు ఆయన్ని దూలానికి తాడు కట్టి కోదండం వేయించాడు. కింద నాగజెముడు ముళ్ళు పరిచాడు. చేతులు జారిపోతుంటే భయంతో లాగు తడుపుకున్నాడు. పిల్లలందరూ నవ్వారు. ఆ నవ్వు పెద్దయ్యాక కూడా ఆయన్ని వదల్లేదు. బెత్తం ముట్టకుండా చదువు చెప్పవచ్చునని, బెత్తం దెబ్బలు తిన్న పిల్లలకన్నా తన పిల్లలు బాగా చదువుతారని లోకానికి చూపించాలనేది ఆయన పంతం. ఈ పాళెంలో చూపించగలిగితే ఎక్కడైనా చూపించినట్టే కదా!

మొదటి ఏడాది ఆయన పడని పాట్లు లేవు. గవ్వలతో కూడికలు చెప్పాడు. పొడి ఇసుకలో వేలితో అక్షరాలు రాయించాడు. ఇంటింటికీ తిరిగి బతిమాలాడు. పిల్లలు ఒక పూట వచ్చేవాళ్ళు, నవ్వేవాళ్ళు, ఒడ్డున వల లాగుతున్న కేక వినపడగానే పలకలు అక్కడే పారేసి పరిగెత్తేవాళ్ళు. మిగిలేది అయ్యవారూ, పలకలూ.

అప్పుడు చూశాడు దురాయి.

పోలేరమ్మ పొంగళ్ళనాడు పాళెం పెదకాపు పెంచలయ్య తప్పెట కొట్టించి, ఈ పొద్దు ఎవరూ సముద్రం మీదికి పోకూడదని దురాయి వేయించాడు. పద్మనాభయ్య ఊళ్ళో కాపులంటే సేద్యగాళ్ళు. ఇక్కడ కాపులంటే పాళెం తగవులు తీర్చే పెద్దలు. ఆ రోజు సముద్రం చెరువులా నెమ్మదిగా ఉంది. పక్క పాళెం వాళ్ళు చేప పడుతున్న సంగతి కంటికి కనిపిస్తోంది. అయినా ఇక్కడ ఒక్క తెప్ప కదలలేదు. కాపలా లేదు, కర్ర లేదు, పోలీసు లేడు. పద్మనాభయ్యకు ఆశ్చర్యం ఆగలేదు.

"ఎవరైనా పోతే ఏం చేస్తారు పెదకాపూ?" అని అడిగాడు.

"పోరు."

"పోయారే అనుకోండి."

పెంచలయ్య చుట్ట ఆర్పి పక్కన పెట్టాడు. "పోతే వాడితో ఎవురూ మాట్లాడరు. నిప్పియ్యరు, నీళ్ళియ్యరు. వాడూ ఎవుర్నీ పలకరీడు, పిలిస్తే పలకడు. తప్పు కట్టిందాకా అంతే. వాడు కట్టకపోతే వాడి ఇంటోళ్ళు కట్టాల. వేసినోళ్ళే ఎత్తాల. తప్పు కట్టకుండా ఊరికే ఎత్తేస్తే పోలేరమ్మ ఊరుకోదు అయ్యోరా. సముద్రం మీదుండేవోళ్ళు ఒడ్డుకి రారు."

చివరి మాట పద్మనాభయ్య చెవిన పడింది గానీ మనసులోకి పోలేదు. కర్ర లేకుండా ఊరంతా ఒక మాట మీద నిలబడటం ఒక్కటే ఆయన తలలో తిరిగింది. బడి పిల్లలకు కూడా ఇలాంటి కాపుల సభ ఒకటి పెడితే? వాళ్ళ కట్టు వాళ్ళే కట్టుకుంటే? మరునాడే పెంచలయ్య దగ్గరికి పోయి ఈ ఆలోచన చెప్పాడు.

"ఆటకా?" అన్నాడు పెంచలయ్య.

"ఆటకే అనుకోండి. పిల్లలు కదా."

"దురాయి ఆటకి రాదయ్యోరా" అని పెంచలయ్య వల బాగుచేసుకోవడంలో పడిపోయాడు. వద్దని మాత్రం అనలేదు. అదే చాలనుకున్నాడు పద్మనాభయ్య. ఎదుటి మనిషి భయాన్ని చూసి ముచ్చటపడే చదువుకున్నవాళ్ళు ఉంటారే, ఆ పూట ఆయనా వాళ్ళలో ఒకడు.

పిల్లలు తమలో నుంచి కాపుల్ని ఎన్నుకున్నారు. పెదకాపుగా నిలిచింది చిన్నపోలయ్య. పదకొండేళ్ళుంటాయి. వానొస్తే తప్ప బడి గడప తొక్కని పిల్లవాడు. పద్మనాభయ్య వాణ్ణి "పెదకాపు గారూ" అని పిలిచాడు. మిగతావాళ్ళనూ "కాపు గారూ, రండి, కూర్చోండి" అన్నాడు. మొదట పిల్లలు కడుపు పట్టుకుని నవ్వారు. ఆయన నవ్వకపోవడం చూసి వాళ్ళూ మానేశారు. చిన్నపోలయ్య ముక్కు తుడుచుకుని, వెన్ను నిటారుగా పెట్టి కూర్చున్నాడు. పుట్టి బుద్ధెరిగాక వాణ్ణి ఎవరూ అలా పిలిచి ఉండరు.

సభ మొదటి దురాయి వేసింది: చెప్పకుండా బడి మానకూడదు. మానితే తప్పు కట్టాలి. ఆ తప్పు ఏమిటన్నది మాత్రం అయ్యవారే చెప్పాడు. డబ్బు కాదు, గుంజీలు కాదు. కాపులు చెప్పిన పాఠాన్ని అందరి ముందూ నిలబడి, గట్టిగా, ఎక్కడా తడబడకుండా అప్పజెప్పాలి. ఇంకో మాట కూడా ఆయనే అన్నాడు. "వేసేది మీరే, ఎత్తేది మీరే. నేను కూడా అడ్డం రాను. ఇది మీ సభ."

ఆ మాట ఎంత దూరం పోతుందో అప్పుడాయనకు తెలియదు.

ఏం చెప్పాలి, బడి నిండిపోయింది. తెల్లారకముందే కాపులు ఇళ్ళ ముందు నిలబడి పేరు పేరునా పిలుచుకొచ్చేవాళ్ళు. తప్పు కట్టాల్సి వస్తుందేమోనన్న జంకుతో వల దగ్గర, తెప్ప నీడన, ఎక్కడ చూసినా పాఠాలే. నాలుగక్షరాలు కూడబలుక్కోవడం రాని పిల్లలు వానాకాలం వచ్చేసరికి పుస్తకం గడగడ చదువుతున్నారు. డిప్యూటీ ఇన్‌స్పెక్టరు గారు చూడవచ్చి, చిన్నపోలయ్య చేత చదివించుకుని, "నీ బెత్తం ఏదయ్యా?" అని అటూ ఇటూ చూశారు. లేదని తెలిసి భుజం తట్టారు. "దీపావళి వెళ్ళాక సమితిలో ఉన్న అయ్యవార్లందర్నీ తీసుకొస్తాను. చూసి బుద్ధి తెచ్చుకుంటారు" అన్నారు. పద్మనాభయ్యకు ఆ రోజు సముద్రం హోరు కూడా చప్పట్లలా వినిపించింది. బెత్తం లేని మాట నిజమే. బెత్తం చేసే పనిని ఇంకొకటి చేస్తోందని మాత్రం ఆయన గమనించలేదు.

పేరమ్మ సంగతికి వద్దాం.

పేరమ్మకు తొమ్మిదేళ్ళు. తండ్రి పోయాడు. తల్లి నాగులమ్మ ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని మిట్ట ఊళ్ళు తిరుగుతుంది. తమ్ముడు గంగాధరం ఒకటో తరగతి. పేరమ్మ రోజూ బడికి వచ్చేది, చెప్పింది రాసేది, నోరు మాత్రం విప్పేది కాదు. నిలబడి చదవమంటే పెదాలు కదిలేవి, గొంతు రాదు. పద్మనాభయ్య ఆ పిల్లను బలవంతపెట్టలేదు. అదే వస్తుందిలే అనుకుని ఊరుకున్నాడు. ఎందుకు రావడం లేదని అడగాల్సింది. అడగలేదు.

దీపావళి వెళ్ళిన కొత్తలో నెత్తళ్ళు విరగపడ్డాయి. ఆ చేప ఉప్పు పట్టించి వెంటనే ఎండబెట్టకపోతే కుళ్ళిపోతుంది. నాగులమ్మ కూతుర్ని కొన్ని రోజులు ఇంటిదగ్గర ఆపుకుంది. కబురు చెప్పడం మరిచిపోయింది. పేరమ్మ మళ్ళీ బడికి వచ్చిన పొద్దున కాపులు సభ తీర్చారు.

"తప్పు కట్టాల పేరమ్మా" అన్నాడు చిన్నపోలయ్య. "రైతు పాఠం అప్పజెప్పు."

పేరమ్మ లేచి నిలబడింది. ఉప్పు తిన్న వేళ్ళను పావడా అంచుతో తుడుచుకుంది. పెదాలు కదిలాయి. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. గొంతు రాలేదు. పిల్లలు కాచుకున్నారు. ఎవరో కిసుక్కుమన్నారు. చిన్నపోలయ్య అయ్యవారి వైపు చూశాడు. ఆ చూపులో 'ఇంతటితో వదిలేద్దామా' అన్న ప్రశ్న ఉంది. పద్మనాభయ్యకు అది తెలిసింది. ఒక్క మాట అంటే సరిపోయేది. కానీ ఇంకో వారంలో అయ్యవార్లందరూ వస్తున్నారు. సభ మాట పోగూడదు. పైగా, రెండు పూటలు ఎవరూ మాట్లాడకపోతే ఈ పిల్లకు పట్టుదల పుట్టి నోరు విచ్చుకుంటుందేమో అనిపించింది. ఆయన తల తిప్పుకుని కిటికీలోంచి బయటికి చూశాడు.

చిన్నపోలయ్య గొంతు సవరించుకున్నాడు. "పాఠం అప్పజెప్పిందాకా పేరమ్మ మీద దురాయి."

అంతే. బడిలో ఆ పిల్ల చుట్టూ ఇసుక ఖాళీ అయింది. పక్కన కూర్చునే పిల్లలు లేచి అవతలికి జరిగారు. చెలమ దగ్గర పేరమ్మ కుండ దించితే మిగతా పిల్లలు కుండలు తీసుకుని పక్కకు తప్పుకున్నారు. ఎవరూ తిట్టలేదు, కొట్టలేదు, వెక్కిరించలేదు. ఉన్న మనిషిని లేనట్టు చూశారు, అంతే. రెండు పూటల్లో విచ్చుకుంటుందనుకున్న నోరు ఇంకా బిగుసుకుపోయింది. పద్మనాభయ్య ఎత్తేయమని చెప్పాలని రోజూ అనుకునేవాడు. రేపు చూద్దామని రోజూ ఊరుకునేవాడు.

ఒక సాయంత్రం నాగులమ్మ గంపతో సహా బడి ముందుకొచ్చి నిలబడింది.

"అయ్యోరా, మా ఇంట్లో చిన్నోడు అక్కతో మాట్లాడ్డంల్యా. అక్క అన్నం పెడతే కంచం తీసుకోడు, నేను పెట్టాల. అదేందిరా అంటే దురాయి గదమ్మా అంటాడు. అది గూడా అంతే. నాతో గూడా మాట్లాడదు. పిలిస్తే తల ఊపతాది. పొయ్యికాడ గోడకి తిరిగి కూకోని పాఠం మాత్రం గొణుక్కుంటా ఉంటది. బిడ్డ అన్నం తినడంల్యా అయ్యోరా. నాకు బయంగా ఉండాది."

ఒకటో తరగతి పిల్లవాడు సొంత అక్క చేతి కంచం తీసుకోవడం లేదు. తాను ఆటకని చెప్పిన మాట ఆ ఇంటి పొయ్యి దగ్గరిదాకా పోయి కూర్చుంది. "రేపు పొద్దున్నే ఎత్తేయిస్తానమ్మా. నీ బిడ్డ మళ్ళీ మామూలుగా అయిపోతుంది" అన్నాడు. ఆ మాట చెబుతుంటే తన గొంతు తనకే నమ్మకంగా అనిపించలేదు.

మరునాడు తెల్లారేసరికి తూర్పున మబ్బు నల్లగా పట్టింది. అంతకుముందే మగవాళ్ళు తెప్పలు తోసుకుని సముద్రం మీదికి వెళ్ళిపోయారు. బడికి పిల్లలందరూ వచ్చారు. పేరమ్మ రాలేదు.

"పెదకాపు గారూ, పేరమ్మ మీద దురాయి ఎత్తేద్దాం" అన్నాడు పద్మనాభయ్య.

ఒక్క పిల్లవాడూ తల ఎత్తలేదు. చిన్నపోలయ్య ఇసుకలో బొటనవేలితో గీస్తూ నిలబడ్డాడు. "తప్పు కట్టలేదు గదయ్యోరా."

"నేను చెబుతున్నాను కదా నాయనా."

"వేసేది మేమే, ఎత్తేది మేమేనని మీరే చెప్పినారు. మీరు గూడా అడ్డం రానన్నారు."

అంతలో నాగులమ్మ వెంట్రుకలు విరబోసుకుని, రొమ్ము బాదుకుంటూ వచ్చింది. తెల్లారగట్ట లేచి చూస్తే పేరమ్మ చాపలో లేదట. బడికి పోయిందేమో అనుకుందట.

గాలి లేచింది. వాన సన్నగా మొదలై నిలువుగా దిగింది. ముసలివాళ్ళు, ఆడవాళ్ళు, పద్మనాభయ్య, అందరూ వెతికారు. సరుగుడు తోపులో వెతికారు. చేపలు ఎండేసే దిబ్బల మీద వెతికారు. ఉప్పుటేరు వెంబడి మొగలి పొదల దాకా పోయి, పద్మనాభయ్య గొంతు చించుకుని "పేరమ్మా! పేరమ్మా!" అని అరిచాడు. ఏరు పొంగి ఒడ్డు కోసుకుంటూ సముద్రంలోకి దూకుతోంది. ఆ నీళ్ళలో ఏం కొట్టుకుపోయినా ఎవరికీ కనిపించదు. నీళ్ళలో తేలుతున్న ప్రతి ఆకూ, ప్రతి గడ్డిదుబ్బూ పిల్ల పావడాలా కనిపించేది. పిల్లలు కూడా వెతుకుతున్నారు. కానీ పొదలన్నీ తడుముతున్నారే తప్ప ఒక్కరూ నోరు తెరిచి ఆ పేరు పిలవడం లేదు. అంత హోరులోనూ పద్మనాభయ్యకు ఆ సంగతి తెలిసింది.

"పిలవండిరా! పేరు పెట్టి పిలవండి!" అని అరిచాడు.

పిల్లలు ఏడుస్తూ నిలబడ్డారు.

పెంచలయ్య కర్ర ఊతంతో వచ్చాడు. "మనం పిలిస్తే లాబం లేదయ్యోరా. ఈడనే యాడో ఉండినా పలకదు. దురాయిలో ఉండే మనిషి పలకగూడదు. అది పాళెంలో పుట్టిన బిడ్డ, దానికి తెలుసు. ఎత్తేసినామని వేసినోళ్ళు చెప్పాల."

పద్మనాభయ్య ఆ బురదలో చిన్నపోలయ్య ముందు మోకాళ్ళ మీద పడ్డాడు. వాడి రెండు చేతులూ పట్టుకున్నాడు. "నాయనా, తప్పంతా నాది. ఎత్తేసినామని చెప్పు. నీ కాళ్ళు పట్టుకుంటాను."

పిల్లవాడు చేతులు విడిపించుకోబోయాడు. వాడి దవడలు టకటకా కొట్టుకుంటున్నాయి. సముద్రం వైపు చూపించాడు. అక్కడ వాన తప్ప ఏమీ కనిపించడం లేదు.

"తప్పు కట్టకుండా ఎత్తేస్తే ఎట్ట అయ్యోరా? మా నాయన సముద్రం మీదుండాడు. అందరి నాయన్లూ ఉండారు."

పెంచలయ్య పొంగళ్ళనాడు చెప్పిన చివరి మాట అప్పుడు పద్మనాభయ్య మనసులోకి దిగింది. కోదండం తాడుకు వేలాడినప్పుడు తన కింద ఉన్నవి ముళ్ళు మాత్రమే. ఈ పిల్లవాడి కింద సముద్రం ఉంది. అందులో వాడి తండ్రి ఉన్నాడు. బెత్తం పట్టననుకున్న తాను ఈ పిల్లల్ని ఎక్కడికి తెచ్చి నిలబెట్టాడు! ఆయనకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"ఇంటోళ్ళు కట్టొచ్చు గదా?" అంది నాగులమ్మ. ఏడుపు ఆపేసింది. "నేను కడతా. పాఠమే గదా."

"నీకు చదువు రాదే" అంది ఎవరో ముసలమ్మ.

"నాకు రాదు. నా బిడ్డకొచ్చు. దినామూ పొయ్యికాడ ఇంటా ఉండా."

ఆమె పిల్లకాపుల ముందు నిలబడి చేతులు కట్టుకుంది. తడిసిన వెంట్రుకలు ముఖానికి అతుక్కుపోయాయి. ఎప్పుడూ మాట్లాడే మాటతీరు వదిలేసి, కూతురు నేర్చుకున్నట్టే, పుస్తకంలో ఉన్నట్టే మొదలుపెట్టింది.

"కోడి కూసింది. రైతు లేచాడు. కొట్టంలో ఎద్దులు కూడా లేచాయి. రైతు నాగలి భుజాన వేసుకున్నాడు. ఎద్దుల మెడలో గంటలు మోగాయి. పొలం గట్టున రైతు నిలబడి ఆకాశం చూశాడు. మబ్బు పట్టింది."

అక్కడ ఆగిపోయింది. ఆమె చూపు సముద్రం మీది మబ్బు వైపు పోయింది. తరువాతి మాట నోటికి రాలేదో, వచ్చీ పలకలేకపోయిందో తెలియదు. తడబడితే తప్పు కట్టినట్టు కాదు. పద్మనాభయ్యకు ఆ మాట తెలుసు. ఎన్నో తరగతులకు ఎన్నోసార్లు చెప్పిన మాట. అందించడానికి ఆయన నోరు తెరిచాడు గానీ పెంచలయ్య ఆయన చెయ్యి పట్టుకుని ఆపాడు. అయ్యవారు ఆ ఇంటి మనిషి కాడు.

తల్లి చీర పట్టుకుని ఉన్న గంగాధరం సన్నగా అన్నాడు. "వాన వస్తుందని రైతు సంతోషించాడు."

"వాన వస్తుందని రైతు సంతోషించాడు" అంది నాగులమ్మ, ఏడుస్తూ.

కాపులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆమె తడబడింది కదా, ఇది చెల్లుతుందా? చిన్నపోలయ్య పెంచలయ్య వైపు చూశాడు. ఆయన ముఖం తిప్పుకుని, "మీ సబ మీది" అన్నాడు. పిల్లవాడు ఇంకోసారి సముద్రం చూశాడు. కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

"అందించింది ఇంటోడే గదా. కట్టినట్టే. ఎత్తేసినాం."

ఆ మాటతో పిల్లలందరి గొంతులూ ఒక్కసారి తెరుచుకున్నాయి. "పేరమ్మా! ఎత్తేసినాం పేరమ్మా!" అని అరుచుకుంటూ ఏటి వెంబడి పరిగెత్తారు. గంగాధరం అందరికన్నా ముందు, "అక్కా, అక్కా" అంటూ. ఎక్కడైతే పద్మనాభయ్య గొంతు చించుకుని అరిచి వెనక్కి తిరిగాడో, ఆ మొగలి పొదల వెనక నుంచే జవాబు వచ్చింది. సన్నగా, బొంగురుగా.

"ఈడుండా."

పాఠం ఒంటరిగా చెప్పుకుందామని తెల్లారకముందే పోయి, ఏటి ఒడ్డున వదిలేసిన పాత పడవలో కూర్చుందట. ఏరు పొంగి చుట్టూ నీళ్ళు చేరాయి. విరిగిన పడవ సగం మునిగింది. నడుముదాకా నీళ్ళలో, కొయ్యను కరుచుకుని ఉంది. ముసలివాళ్ళే మోకు పట్టుకుని ఈదుకుంటూ పోయి తీసుకొచ్చారు. ఒడ్డున దించగానే ఆ పిల్ల తల్లి వైపు పోలేదు. నీలి పెదాలతో చిన్నపోలయ్యను అడిగింది. "నిజంగానే ఎత్తేసినారా?"

"ఎత్తేసినాం" అన్నాడు వాడు. అప్పుడు తల్లిని పట్టుకుని భోరుమంది.

తల్లి ఒడిలో వెచ్చబడ్డాక చెప్పింది. "అయ్యోరు పిలిచినప్పుడు ఇన్నా. రెండుసార్లు పిలిచినారు. పలకగూడదు గదా."

పద్మనాభయ్య అక్కడ నిలబడలేకపోయాడు. తిరిగి చూస్తే చిన్నపోలయ్య ఒడ్డున ఒంటరిగా సముద్రం వైపు చూస్తూ ఉన్నాడు. ఆయన పోయి వాడి పక్కన నిలబడ్డాడు. అల వచ్చి మోకాళ్ళకు కొడుతున్నా వెనక్కి జరగలేదు. ఒక్క తెప్ప రాకపోయినా ఈ పిల్లవాడు జన్మంతా తానే చంపానని అనుకుంటాడు. అది తలుచుకుంటే సముద్రం భయం ఏపాటిది? మధ్యాహ్నానికి వాన తెరపి ఇచ్చింది. తెప్పలు ఒక్కటొక్కటే అలల మీద తేలాయి. ఒక్కొక్క తెప్ప ఒడ్డు తగిలినప్పుడల్లా ఒక్కొక్క పిల్ల అరుచుకుంటూ పరిగెత్తింది. పొద్దు వాలేటప్పటికి చిన్నపోలయ్య తండ్రి తెప్ప ఒక్కటే మిగిలింది. వాడు అయ్యవారి పంచె అంచు పిడికిట్లో పట్టుకుని ఉన్నాడు. చీకటి పడబోయే వేళకు అదీ వచ్చింది. వాడు తండ్రి దగ్గరికి పరిగెత్తలేదు, అక్కడే ఇసుకలో కూలబడిపోయాడు. పద్మనాభయ్యే వాణ్ణి ఎత్తుకుని తీసుకుపోయి తండ్రి చేతుల్లో పెట్టాడు.

మరునాడు ఆయన సభను తీసేయలేదు. పిల్లల ముందు చేతులు కట్టుకుని నిలబడి, తప్పు తనదని చెప్పి, దురాయి అనే మాటను బడిలోంచి తీసేయమని వాళ్ళనే అడిగాడు. వాళ్ళు ఒక్క గొంతుతో సరేనన్నారు. ఆ తరువాత డిప్యూటీ ఇన్‌స్పెక్టరు గారు అయ్యవార్లను వెంటబెట్టుకుని, కాలువ దాటి, చెమటలు కక్కుకుంటూ వచ్చారు. "ఇక్కడ చూపించడానికి ఏమీ లేదండి. మంచి పద్ధతి అనుకున్నాను, కాదు" అన్నాడు పద్మనాభయ్య. ఇన్‌స్పెక్టరు గారు ముఖం మాడ్చుకుని వెళ్ళిపోయారు. బడి పోతుందని కొన్నాళ్ళు పద్మనాభయ్యకు కంటి మీద కునుకు లేదు. పోలేదు. పిల్లలు రావడం మానలేదు మరి. 1968లో బదిలీ అయ్యేదాకా ఆయన ఆ పాళెంలోనే ఉన్నాడు. ఆ తరువాత ఎన్ని బళ్ళు తిరిగినా, పలకని పిల్ల కనిపిస్తే ఎందుకు పలకడం లేదో ముందు కనుక్కునేవాడు.

పేరమ్మ మాత్రం జ్వరం తగ్గాక కూడా చాలా రోజులు బడికి రాలేదు. వచ్చిన రోజు చివర్లో కూర్చుంది. పద్మనాభయ్య ఆ పిల్లను ఏమీ అడగలేదు. సాయంత్రం పిల్లలు వెళ్ళిపోయాక కూడా పేరమ్మ లేవలేదు. పుస్తకం ఒళ్ళో పెట్టుకుని తల వంచుకుని ఉంది. ఒక్క మాట తప్పుగా అన్నా ఈ పిల్ల మళ్ళీ ఏ ఏటి ఒడ్డుకు పోతుందోనని ఆయన భయం.

"పాపా, నేను అటు తిరిగి కూర్చుంటాను" అన్నాడు చివరికి. "నీకు చదవాలనిపిస్తే చదువు. లేకపోతే ఇంటికి పో. నేను చూడను."

తాటాకు గోడకు ఎదురుగా, నేల మీద కూర్చున్నాడు. వెనక చప్పుడు లేదు. వెళ్ళిపోయిందేమో అనుకున్నాడు. ఎంతసేపు గడిచిందో తెలియదు. ఆయన చెవులు సముద్రం హోరును తోసేసి ఆ గదిలోని ఊపిరి కోసం వెతికాయి. అప్పుడు వినిపించింది. మొదట గుసగుసగా, తరువాత మామూలు గొంతుతో. కోడి కూసింది. రైతు లేచాడు. ఇన్నాళ్ళుగా తన ఎదురుగా కూర్చున్న పిల్ల గొంతు ఎలా ఉంటుందో పద్మనాభయ్యకు అప్పుడే తెలిసింది. ఒక్క చోట కూడా ఆగకుండా, మబ్బు దాటి, వాన దాటి, పాఠం చివరిదాకా పోయింది. పుస్తకం మూసిన చప్పుడయింది.

"అయ్యోరా, ఇంగ ఇటు తిరగండి" అంది పేరమ్మ.

పద్మనాభయ్యకు వెంటనే తిరిగే ధైర్యం చాలలేదు.